పొగను కాల్చే పొయ్యి

నార్వే దేశం ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్నది. అక్కడి చలి మన చలి లాటిది కాదు. భోగినాడు తెల్లవారుజామున మనం మంట చుట్టూ చేరి చేతులు కాచుకుంటూ, "అబ్బ, ఎంత చలి!" అనుకుంటాం, కాస్త పొద్దెక్కగానే ఆ సంగతే మరచిపోతాం. నార్వేలో సముద్రానికి దూరంగా ఉండే లోయలలో నెలల తరబడి నేల మీద మంచు కరగదు. నీరు గడ్డకట్టే స్థాయికి 20, 30 డిగ్రీలు దిగువకు పోయే రాత్రులు కూడా వస్తవి. దేశపు ఉత్తర భాగంలోనైతే నడి శీతకాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. అలాటి చోట ఇంట్లో వెచ్చదనం లేకపోతే మనిషి బతకలేడు.

ఈనాడు నార్వే ఇళ్ళు ఎక్కువగా విద్యుచ్ఛక్తితోనే వెచ్చబడుతున్నవి. కొండల మీది నుంచి దూకే నీళ్ళతో అక్కడ బోలెడు విద్యుత్తు పుడుతుంది. అయినా చాలా ఇళ్ళలో కట్టెల పొయ్యి ఒకటి ఉండనే ఉంటుంది. గాలివానకు తీగలు తెగినప్పుడూ, కరెంటు ధర మండిపోయినప్పుడూ ఆదుకొనేది అదే. పైగా కట్టెలంటే వాళ్ళకు మహా మక్కువ. 2013 ఫిబ్రవరిలో అక్కడి టెలివిజన్ వాళ్ళు కట్టెల మీద 12 గంటల కార్యక్రమం ఒకటి ప్రసారం చేశారు. అందులో చాలా గంటలు పొయ్యిలో మండే మంటను చూపటంతోనే సరిపోయింది! అది చూసినవాళ్ళలో కొందరు, కట్టెలను బెరడు పైకి ఉండేలా పేర్చారని కోప్పడ్డారు. మరికొందరు, బెరడు కిందికి ఉండేలా పేర్చారని కోప్పడ్డారు. ఆవకాయలో శనగలు వెయ్యాలా, వద్దా అని మన ఇళ్ళలో వచ్చే తగవు లాటిదే ఇదీను.

వాళ్ళ పొయ్యి వంట చేసుకునే పొయ్యి కాదు. అది అన్ని వైపులా మూసిన ఇనప పెట్టె. ముందు తలుపు, లోపల కట్టెలు, వెనుకనో పైననో పొగగొట్టం. పొగ గొట్టం గుండా ఇంటి కప్పు దాటిపోతుంది. వేడి ఇనుము గుండా గదిలోకి వస్తుంది. తాతలనాటి పొయ్యిలు నల్లగా, బరువుగా, పక్కల మీద పోతపోసిన బొమ్మలతో ఉండేవి. ఇప్పటి పొయ్యిలను చూస్తే అవి పొయ్యిలని గుర్తుపట్టటమే కష్టం. ఒకటి స్తంభంలాగా గుండ్రంగా ఉంటుంది. ఒకటి కొంగలాగా ఒంటికాలి మీద నిలబడుతుంది. మరొకదానికి మూడు పక్కలా గాజే. ఫ్రాన్సు దేశంలో దొమినిక్ ఆంబేర్ అనే ఆయన 1968లో తయారుచేసిన పొయ్యి అసలు నేలను తాకనే తాకదు. ఉట్టిలాగా కప్పు నుంచి వేలాడుతుంది. చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతుంది కూడా.

ఇన్ని రకాలలో దేనిని ఎంచుకోవాలి?

ఓస్లో నగరంలో ఒక కుటుంబం పొయ్యి కొనటానికి అంగడికి వెళ్ళిందనుకుందాం. తండ్రి అన్నిటికన్నా పెద్ద పొయ్యి ముందు నిలబడ్డాడు. పదేళ్ళ కూతురు మూడు పక్కలా గాజు ఉన్న పొయ్యిని వదిలి కదలటం లేదు. "నాన్నా, ఇది కొందాం! మంట ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది," అంటున్నది.

అంగడివాడు పెద్దవాడు, అనుభవం కలవాడు. అతను రంగు గురించి గాని, రూపం గురించి గాని మాట ఎత్తలేదు. "మీ గది ఎంత పెద్దది? మీ పొగగొట్టం ఎటువంటిది? కట్టెలు ఎక్కడ ఆరబెడతారు?" అని మూడు ప్రశ్నలు వేశాడు. అందమైన వస్తువు కొనబోతే ఈ ప్రశ్నలేమిటని తండ్రికి కాస్త విసుగు కూడా కలిగింది. కాని ఆ ప్రశ్నలలోనే అంతా ఉన్నది. అది తెలియాలంటే ముందు కట్టె ఎలా మండుతుందో తెలియాలి.

కట్టె మండుతున్నదని మనమంతా అంటాం. కాని మంట కట్టెది కాదు. ఈ సంగతి తేల్చుకోవటానికి ఒక చిన్న ప్రయోగం ఉన్నది. అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకుని, గాలి లేని చోట ఒక కొవ్వొత్తి వెలిగించండి. కొంతసేపు మండనిచ్చి, ఉఫ్‌మని ఊదెయ్యండి. వత్తి నుంచి తెల్లని పొగ సన్నగా తీగలాగా పైకి లేస్తుంది. వెంటనే వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగిలించకుండా, ఆ పొగ తీగకు అందించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని మళ్ళీ అంటుకుంటుంది! అంటే మండేది కరిగిన మైనం నుంచి పుట్టిన ఆవిరేనన్నమాట.

కట్టె సంగతీ అంతే. పొయ్యిలో వేసిన కట్టెలో నుంచి మొదట చెమ్మ ఆవిరై పోతుంది. వేడి ఇంకా పెరిగేకొద్దీ కట్టె విరిగిపోయి రకరకాల వాయువులుగా మారుతుంది. ఎండిన కట్టె బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా ఇలా వాయువులై పోయేదే. తక్కినది బొగ్గూ, బూడిదా. ఆ వాయువులకు తగినంత వేడి, తగినంత ప్రాణవాయువు దొరికితే అవి మంటై వెలుగుతవి. ఆ రెండిట్లో ఏది తక్కువైనా సగం కాలి, పొగై బయటికి పోతవి. అంటే పొగ అనేది కాలకుండా పారిపోయిన కట్టె. దానితో ఇంటికి రావలసిన వేడి కూడా పారిపోతుంది.

పోతే పోయింది, కట్టెలకేం కొదవ అనుకోవటానికి లేదు. ఆ పొగలో తారు ఉంటుంది. అది పొగగొట్టం లోపల చల్లబడి, పొరలు పొరలుగా అంటుకుంటుంది. ఏదో ఒక రోజున పెద్ద మంట వేసినప్పుడు ఆ తారే అంటుకుని, గొట్టమంతా భగభగమండి, ఇంటికే చేటు వస్తుంది. ఇక బయటికి వెళ్ళిన పొగలో కంటికి కనిపించనంత చిన్న నలుసులు ఉంటవి. గాలి వీచని చలి రోజులలో అవి వీధిలోనే నిలిచిపోయి, పక్కింటివాళ్ళ ఊపిరితిత్తులలోకి చేరుతవి. మనలో ఎందరి అమ్మమ్మలు పొగపొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళనీళ్ళు కార్చుకున్నారో తెలియనిది కాదు. చలిదేశాలలో ఆ పొగ ఇంట్లో నుంచి వీధిలోకి మారింది, అంతే.

మంటను పెట్టెలో మూయటానికి జరిగిన ప్రయత్నాల కథ పెద్దది. పూర్వం ఐరోపాలో గోడలో గూడు కట్టి, అందులో కట్టెలు తగలేసేవారు. చూడటానికి బాగానే ఉండేది గాని వేడిలో చాలా భాగం గొట్టంలో నుంచి ఆకాశానికి పోయేది. గదిలోని వెచ్చని గాలిని కూడా వెంట తీసుకుపోయేది. ముందు వీపు చలి, వెనక్కు తిరిగితే ముఖం చలి! అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740 ప్రాంతంలో ఇనప పలకలతో ఒక పొయ్యి కల్పించాడు. దానిమీద హక్కు రాసి ఇస్తామని పెన్సిల్వేనియా గవర్నరు చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఇతరులు కల్పించినవాటివల్ల మనం మేలు పొందుతున్నప్పుడు మన కల్పనలను కూడా ఊరికే ఇవ్వాలని ఆయన ఉద్దేశం. అయితే ఆ మహానుభావుడి పొయ్యిలో పొగ ముందు కిందికి దిగి, ఆ తరువాత పైకి పోవాలి. పొగకు ఆ దారి నచ్చలేదు! తరువాతివాళ్ళు దాన్ని సరిదిద్దవలసి వచ్చింది. స్వీడన్‌లో కట్టెల కరువు వచ్చి, 1767లో క్రూన్‌స్టెట్, వ్రేదే అనే ఇద్దరు ఇటికలతో మరోరకం పొయ్యి కల్పించారు. అందులో పొగ అనేక మలుపులు తిరిగి, తన వేడినంతా ఇటికలకు అప్పగించి గాని బయటపడదు. పొద్దున్న ఒకసారి మంట వేస్తే అది చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ తరువాత పోత ఇనుము చవక అయింది. నార్వేలో యోతుల్, డెన్మార్కులో మోర్సే అనే పేరుగల పొయ్యిల కార్ఖానాలు రెండూ తమ పుట్టుక 1853 నుంచి లెక్క చెబుతవి. రెండూ ఇప్పటికీ ఉన్నవి.

కాని ఇనప పెట్టెలో మూస్తే మంట కనబడదు కదా! అందుకని వెనుకటి పొయ్యిలలో కొన్నిటికి తలుపులో అభ్రకపు రేకులు బిగించేవారు. మన నెల్లూరు వైపు గూడూరు ప్రాంతంలో దొరుకుతుందే, ఆ అభ్రకమే. అది వేడికి పగలదు గాని పొరలుగా ఊడిపోతుంది, మసకగా ఉంటుంది. మామూలు గాజు పెడితే ఠప్పున పగులుతుంది. గాజుకు వేడి తగిలిన చోట వ్యాకోచం, తగలని చోట లేదు. ఆ పెనుగులాటకు అది తట్టుకోలేదు.

ఈ చిక్కు ఒక పొరపాటువల్ల విడిపోయింది. 1950 తరువాత కొద్ది సంవత్సరాలకు, అమెరికాలో కార్నింగ్ అనే గాజు కార్ఖానాలో డోనాల్డ్ స్టూకీ అనే శాస్త్రజ్ఞుడు ఒక గాజు ముక్కను 600 డిగ్రీల వేడిలో ఉంచాలని కొలిమిలో పెట్టాడు. కొలిమిని అదుపులో ఉంచే సాధనం చెడి, వేడి 900 డిగ్రీలకు పోయింది. గాజు కరిగి కొలిమి పాడై ఉంటుందనుకుని ఆయన తలుపు తెరిచాడు. కరగలేదు సరిగదా, ముక్క తెల్లగా, గట్టిగా ఉన్నది. పటకారుతో పైకి తీస్తుండగా అది జారి నేలమీద పడింది. పగలలేదు! ఖంగున మోగింది. ఆ వేడిలో గాజు లోపల కోటానుకోట్ల సన్నని స్ఫటికాలు పుట్టటమే దీనికి కారణం. దీని మీద జరిగిన పరిశోధనలవల్ల, వేడికి కుంచించుకునే స్ఫటికాలూ వ్యాకోచించే గాజూ కలిసి ఉండే పారదర్శకమైన పలకలు కూడా వచ్చినవి. ఒకటి పెరిగితే మరొకటి తరుగుతుంది. మొత్తం మీద పలక ఉన్నంతే ఉంటుంది. ఇప్పటి పొయ్యిలకు పెట్టేది ఈ పలకలే. ఎర్రని మంట పక్కనే ఉన్నా అవి పగలవు.

అంగడిలో ఆ పిల్ల మెచ్చిన పొయ్యి అందం వెనుక ఇంత కథ ఉన్నది. అయితే గాజు అందానికే కాదు, ఒక సాక్షిలాగా కూడా పనికొస్తుంది. గాజు నల్లబడిందంటే లోపల మంటకు గాలి చాలటం లేదనో, కట్టె పచ్చిదనో అర్థం.

కొత్త పొయ్యిలో గాలి ఒక్క దారినే రాదు. కొంత గాలి కట్టెల దగ్గరికి వస్తుంది. కొంత గాలి పొయ్యి గోడల మధ్య సన్నని దారులలో తిరిగి, బాగా వేడెక్కి, మంటకు పైన ఉండే చిన్న చిన్న కన్నాలలో నుంచి లోపలికి వస్తుంది. కట్టెలో నుంచి లేచి, కాలకుండా పోబోతున్న వాయువులకు అది అక్కడ ఎదురుపడుతుంది. అవి రెండోసారి అంటుకుంటవి. పొయ్యి పైభాగంలో కట్టెతో సంబంధం లేకుండా గాలిలోనే నాలుకలు చాచే మంట కనిపిస్తే, అదే పొగ మండటం. గాజు మీదుగా పైనుంచి కిందికి మరో గాలి పొర జారుతూ, మసి దానికి అంటకుండా ఊడుస్తూ ఉంటుంది. లోపలి గోడలకు వేడిని దాటనివ్వని పలకలు బిగించటం కూడా మంట చల్లబడకుండా ఉండటానికే.

నార్వేలో 1998 నుంచి కొత్తగా అమ్మే పొయ్యిలు ఇలా శుభ్రంగా మండేవే అయి ఉండాలని నియమం పెట్టారు. పాత పొయ్యి తీసేసి కొత్తది పెట్టుకునేవారికి ఓస్లో నగరం కొంత సొమ్ము కూడా ఇచ్చింది. అమెరికాలో 1988లో ఇటువంటి నియమాలు మొదలై, 2020లో ఇంకా గట్టిపడినవి. ఐరోపా సమాఖ్యలో 2022 జనవరి 1 నుంచి కట్టెల పొయ్యిలకు పొగ విషయంలోనూ, వేడి విషయంలోనూ కొలతలు నిర్ణయించారు. కొలతలకు సరిపోయిన పొయ్యి కూడా కొంత నలుసు వదలక మానదు. పొగ బొత్తిగా లేని కట్టెల పొయ్యి ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మళ్ళీ అంగడికి వద్దాం. తండ్రి గది కొలతలు చెప్పాడు: పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు. మూడూ గుణిస్తే 72 ఘనమీటర్లు. ఓ మోస్తరు కట్టుబడి గల ఇంటికి 14 ఘనమీటర్లకు 1 కిలోవాట్ వేడి సరిపోతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉన్నది. 1 కిలోవాట్ అంటే పెద్ద ఇస్త్రీపెట్టె ఒకటి తీసుకునే శక్తి. ఆ లెక్కన ఈ గదికి 5 కిలోవాట్లు చాలు. చలి దూరకుండా కట్టిన కొత్త ఇళ్ళకు అంత కూడా అక్కరలేదు.

"అయితే ఈ పెద్దది 10 కిలోవాట్లు. ఎక్కువైతే నష్టమేమిటి? గాలి తగ్గించుకుంటాం," అన్నాడు తండ్రి.

"నష్టమంతా అందులోనే ఉన్నదండి," అన్నాడు అంగడివాడు. "ఇది సరిగా మండితే మీరు గదిలో కూర్చోలేరు. ఉడుకెత్తి గాలి కన్నం మూస్తారు. గాలి లేక మంట అణగి, కట్టె రాత్రంతా పొగచూరుతుంది. ఎంత గొప్ప పొయ్యి అయినా అప్పుడు పాత పొయ్యితో సమానమే. వారం తిరిగేసరికి గాజు నల్లబడుతుంది. చిన్న పొయ్యి నిండుగా మండటం మేలు."

మంచి పొయ్యిలో ఎండిన కట్టె కిలోకు సుమారు 3 కిలోవాట్ గంటల వేడి గదికి అందుతుంది. 5 కిలోవాట్లకు గంటకు ఒకటిన్నర కిలోకు కాస్త పైన కట్టె కావాలి. ఇంట్లో ఎవరైనా ఆ లెక్క చూసుకుని, సాయంత్రానికి ఎన్ని కట్టెలు మోయాలో చెప్పవచ్చు.

మంట వేసిన కాసేపటికే గది వెచ్చబడాలంటే పలుచని ఉక్కు రేకు పొయ్యి మంచిది. కాని మంట ఆరితే అది త్వరగా చల్లబడుతుంది. వేడి చాలాసేపు నిలవాలంటే పైన రాతి పలకలు తొడిగిన పొయ్యి కావాలి. ఫిన్లాండులోనూ, నార్వేలోనూ ఇందుకు వాడే రాయి మనకు కొత్తది కాదు. మీ తాతలు పలక మీద రాసుకున్న బలపపు రాయే అది. పులుసు కాచే రాచ్చిప్ప కూడా ఆ జాతి రాతిదే. పొయ్యి దించిన తరువాత కూడా రాచ్చిప్పలో పులుసు ఎంతసేపు కుతకుతమంటుందో చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

రెండో ప్రశ్న పొగగొట్టం గురించి. గొట్టం మరీ వెడల్పయితే పొగ అందులో చల్లబడి పైకి పోదు. మరీ ఇరుకైతే గదిలోకి తిరిగి వస్తుంది. గాలి చొరకుండా కట్టిన ఇళ్ళలో పొయ్యికి బయటి గాలి నేరుగా వచ్చేలా ప్రత్యేకం గొట్టం పెడతారు. నార్వేలో పొగగొట్టాలు ఊడ్చి, తనిఖీ చేయటానికి పురపాలక సంఘాల తరఫున మనుషులు వస్తారు. పొయ్యి ముందు నేల మీద నిప్పురవ్వ పడినా అంటుకోని పలక పరుస్తారు. కుర్చీలూ, తెరలూ ఎంత దూరాన ఉండాలో పొయ్యితో ఇచ్చే కాగితంలో రాసి ఉంటుంది. మూడు పక్కలా గాజు ఉన్న పొయ్యికి మూడు పక్కలా ఆ దూరం వదలాలి. ఈ సంగతి విన్న తరువాత ఆ పిల్ల, తను చదువుకునే బల్ల ఎక్కడికి పోతుందా అని ఆలోచనలో పడింది.

మరొక అపాయం ఉన్నది. గాలి చాలకుండా మండే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో చేరి, ప్రాణవాయువు కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. అందుచేత పొయ్యి ఉన్న గదిలో ఆ వాయువును పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రం పెట్టుకోవాలి. మన లంబసింగి, అరకు వైపు చలిరాత్రులలో తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకునేవారికీ ఇదే అపాయం. కుంపటికి పొగగొట్టం కూడా లేదు గనక ముప్పు ఇంకా ఎక్కువ. పొగ రావటం లేదు కదా, బొగ్గులే కదా అనుకోరాదు. పడుకునే గదిలో కుంపటి పనికిరాదు.

ఇక కట్టెలు. అప్పుడే కొట్టిన చెట్టులో సగం బరువు దాకా నీరే ఉండవచ్చు. 10 కిలోల పచ్చి కట్టె పొయ్యిలో వేస్తే 5 లీటర్ల నీళ్ళు అందులో పోసినట్టే! ఆ నీరు మంటను చల్లార్చి, పొగను కాలనివ్వదు. నార్వేవాళ్ళు చలికాలం చివర చెట్లు కొట్టి, చీల్చి, వేసవి అంతా గాలి ఆడే చోట పైకప్పు కింద పేరుస్తారు. చెమ్మ నూటికి 20 వంతులకు తగ్గితే గాని పొయ్యిలో వేయరు. ఎండిన కట్టెలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే టంగుమంటవి, పచ్చివైతే దబ్బుమంటవి. అడివి జాతిని బట్టి గొప్ప తేడా లేదు. బర్చ్ కట్టె బరువైనది గనక తక్కువ చోటులో ఎక్కువ వేడి ఇమిడి ఉంటుంది. కిలోకు కిలో చూస్తే అన్ని ఎండుకట్టెలూ ఇంచుమించు ఒకటే.

చివరకు ఆ కుటుంబం కొన్నది 5 కిలోవాట్ల పొయ్యి. గుండ్రని ఉక్కు ఒడలు, ఒంటికాలు, ముందువైపు మాత్రం నిలువెత్తు గాజు. పిల్లకు కొంత అసంతృప్తిగానే ఉన్నది గాని, మొదటి మంట వేసే పని తనదేనని మాట తీసుకున్నది.

ఆ మంట వేయటంలో కూడా ఒక తమాషా ఉన్నది. మనం కింద పుల్లలు పెట్టి, పైన లావు కట్టెలు పేర్చి అంటిస్తాం. నార్వేలో ఇప్పుడు నేర్పేది దీనికి తలకిందులు. అడుగున లావు కట్టెలు, వాటిపైన సన్నవి, అన్నిటి పైన పుల్లలు పెట్టి, కొసన అంటిస్తారు. గాలి కన్నాలు పూర్తిగా తెరిచి ఉంచుతారు. మంట కొవ్వొత్తిలాగా పై నుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. కింది కట్టెలో నుంచి లేచిన ప్రతి వాయువూ మంటలో నుంచే పోవాలి గనక దారిలోనే కాలిపోతుంది. మొదటి కొద్ది నిమిషాలు బూడిదరంగు పొగ వస్తుంది. పావుగంట తరువాత ఆ పిల్ల బూట్లు తొడుక్కుని, మంచులో నిలబడి, తమ ఇంటి పొగగొట్టం కేసి చూస్తే, గొట్టం కొసన వేడిగాలికి వెనుక ఉన్న చెట్లు కాస్త వణికినట్టు కనిపిస్తవి. పొగ మాత్రం కంటికి ఆనదు.